ఇరవై రెండేళ్ల సర్వీసు, సున్నా అనుభవం

టక్, టక్, టక్.

పొద్దున్న అయిదు గంటలకు, విజయవాడ పటమటలో పాల ప్యాకెట్ల బండి కూడా ఇంకా రాకముందు, మా అపార్టుమెంటు సిమెంటు బాట మీద ఈ చప్పుడు మొదలవుతుంది. మనిషి కనబడడు, బూట్లు వినబడతాయి. అడుగుకీ అడుగుకీ మధ్య ఎడం ఎప్పుడూ ఒక్కటే. మొదటి బ్లాకు మూల మీద ఒక్క క్షణం ఆగుతుంది, తిరుగుతుంది, మళ్లీ సాగుతుంది. తొంభై ఆరు ఫ్లాట్ల వాళ్లం ఆ చప్పుడు విని, అటు నుంచి ఇటు ఒత్తిగిలి, ఇంకో గంట హాయిగా నిద్రపోతాం.

ఆ బూట్ల వెనక ఉన్నది ఇరవై రెండేళ్ల సైనిక సేవ. మేమిచ్చేది నెలకు పధ్నాలుగు వేలు.

సిగ్గుపడమంటారా? పడను. పాఠకులారా, ఇంతకాలం ఎవరూ ధైర్యం చేసి చెప్పని నిజం ఒకటి చెబుతున్నాను. దేశం కోసం పనిచేసి వచ్చినవాడికి తక్కువ జీతం ఇవ్వడం అన్యాయం కాదు, వరం! ఇచ్చే మనకు వరం, పుచ్చుకునే ఆయనకు వరం, ఈ దేశ ఆర్థిక వ్యవస్థకు మహా వరం.

ఎలాగంటారా? ఒక కుర్రవాణ్ణి పంతొమ్మిదో ఏట ప్రభుత్వం తీసుకుంటుంది. పరుగెత్తడం నేర్పుతుంది, నిద్ర మానడం నేర్పుతుంది, చెప్పిన పని చెప్పిన నిమిషానికి చేయడం నేర్పుతుంది. డీజిల్ గడ్డకట్టే చలిలో జనరేటరు ఆగకుండా చూడటం నేర్పుతుంది. ఏ ప్రైవేటు కంపెనీ ఇంత ఖర్చు పెడుతుంది? అన్నీ నేర్పి, మెరుగుపెట్టి, నలభై ఒకటో ఏట తెచ్చి మన గేటు ముందు నిలబెడుతుంది. కొత్త కారు కొని, ఇరవై రెండేళ్లు పదిలంగా నడిపి, సర్వీసింగు చేయించి, ట్యాంకు నింపి, తాళాలు మన చేతిలో పెట్టి పోయే మేనమామ మీలో ఎవరికైనా ఉన్నాడా? మా అపార్టుమెంటుకు ఉన్నాడు.

ఆయన్ను మేము మిలట్రీ అంటాం. "మిలట్రీ, గేటు." "మిలట్రీ, కొరియర్ వచ్చిందా?" పిల్లలైతే మిలట్రీ అంకుల్. మూడేళ్లుగా ఈ పిలుపుతో మా పనులన్నీ జరుగుతున్నాయి. ఇంతకంటే పొదుపైన పిలుపు ఉంటుందా? ఆయన మారిపోయి రేపు ఇంకొకరు వచ్చినా మనం నాలుక తిప్పుకోనక్కర్లేదు.

ఇది ఒక్క మా గేటు సంగతే అనుకునేరు. గుణదలలో ఉండే డేనియల్ గారి విషయం చూడండి. పదిహేడేళ్లు హిమాలయాల్లో పెద్ద బండి నడిపిన మనిషి. ఒకవైపు బండరాయి, ఇంకోవైపు ఆకాశం, మధ్యలో బండి పట్టేంత దారి. రిటైరై వచ్చి ఒక ప్రైవేటు స్కూలు బస్సు డ్రైవరు పనికి వెళితే మేనేజరు గారు అడిగారట, "సిటీలో నడిపిన ఎక్స్‌పీరియన్స్ ఉందా?"

"లేదండి. కొండల్లో నడిపానండి."

"కొండలు వేరండి, బెంజ్ సర్కిల్ వేరు."

ఎవరు కాదనగలరు? కొండల్లో ఎదురొచ్చేది శత్రువొక్కడే. బెంజ్ సర్కిల్లో అందరూ ఎదురొస్తారు. అందుకని ఆయనకు అదే బస్సులో పిల్లల్ని చెయ్యి పట్టుకుని దింపే పని ఇచ్చారు. డ్రైవరు మలుపు దగ్గర తడబడినప్పుడల్లా డేనియల్ గారు కళ్లు మూసుకుంటారట. అదీ ఒక విశ్రాంతే కదా!

సర్కారు కొలువుల్లో కోటా ఉందిగా అంటారు కొందరు. ఉంది. ఇరవై మూడేళ్ల కోచింగ్ కుర్రాళ్లు రాసే పరీక్షను నలభై రెండేళ్లవాడు కూడా రాయవచ్చు. ఎవరూ చెయ్యి పట్టుకుని ఆపరు. పేపర్లో మాత్రం జనరేటరు ఉండదు, నదులు, రాజవంశాలు ఉంటాయి. మిగిలింది ప్రైవేటు ప్రకటనలు. 'మాజీ సైనికులకు ప్రాధాన్యం' అని కనబడిన చోటల్లా వెళ్లి చూడండి, తప్పకుండా ఒక గేటు ఉంటుంది.

ఇక సైన్యంలోకి వెళ్లనివాడి సంగతి. మా మిలట్రీదీ, మాకు ఆయన్ను పంపిన సెక్యూరిటీ ఏజెన్సీ ఓనరు తిరుపతిరావు గారిదీ దివిసీమలో ఒకే ఊరు, ఒకే బడి, ఒకే బెంచీ. ఇద్దరూ ఒకే రోజు సైన్యం సెలక్షన్లకు వెళ్లారు. మైలు పరుగులో మిలట్రీ ముందు వరసలో వచ్చాడు. తిరుపతిరావు నాలుగు సెకన్లు ఆలస్యమయ్యాడు. గెలిచినవాడు రైలెక్కి మంచు కొండలకు వెళ్లాడు. ఓడినవాడు బస్సెక్కి విజయవాడ వచ్చి, పైపుల దుకాణంలో చేరి, నలుగురితో పరిచయం పెంచుకుని, తెల్ల చొక్కా కుట్టించుకుని, ఏజెన్సీ పెట్టాడు. ఇవాళ ఆయన దగ్గర అరవై మంది మాజీ సైనికులు ఉన్నారు. ఒక్కొక్కరి జీతంలో ఆయనకు వాటా.

"అన్నీ ఆ నాలుగు సెకన్ల దయేనండి" అని తిరుపతిరావు గారే నాతో అన్నారు. మంచి మనిషి. ఏ దాపరికమూ లేదు.

కనుక యువకులారా, పరుగెత్తండి. కాని మరీ వేగంగా పరుగెత్తకండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. రెండేళ్ల కిందట మే నెలలో, ఇళ్లల్లో గోడలు కూడా చెమటలు పడుతున్న రోజున, కరెంటు పోయింది. జనరేటరు కదల్లేదు. కంపెనీ మెకానిక్ సోమవారం వస్తానన్నాడు. ఆ రోజు శుక్రవారం. లిఫ్టులు ఆగిపోయాయి, ట్యాంకుల్లో నీళ్లు అయిపోయాయి, అయిదో అంతస్తులో ఒక పెద్దావిడ ఆక్సిజన్ మిషన్ ఆగిపోయింది. అప్పుడు గేటు దగ్గర్నుంచి మిలట్రీ వచ్చి, "ఒకసారి చూడమంటారా సార్" అన్నాడు. ఒక స్క్రూడ్రైవరు, ఒక పాత బనీను గుడ్డ, నలభై నిమిషాలు. జనరేటరు మొరాయించడం మాని గురక పెట్టింది. మేమంతా చప్పట్లు కొట్టాం. ఒక కూల్‌డ్రింక్ సీసా ఇచ్చాం. చల్లగా లేదు గాని ఇచ్చాం.

అది మొదలు, జనరేటరు మిలట్రీదే. లిఫ్టు ప్యానెల్ మిలట్రీదే. నీళ్ల మోటారు మిలట్రీదే. జీతం మాత్రం గేటుదే. పనికి తగ్గ జీతం అడగవచ్చుగా అంటారేమో. దేశభక్తుడు డబ్బు అడిగితే దేశభక్తి మైలపడదూ? ఆయన్ను ఆ పాపం నుంచి కాపాడుతున్నది మేమే.

పోయిన సంక్రాంతి వెళ్లాక మా అపార్టుమెంటుకు మెయింటెనెన్స్ సూపర్‌వైజరు కావాల్సి వచ్చింది. జీతం ముప్పై వేలు. మిలట్రీ దరఖాస్తు పెట్టాడు. ఆ కవరు విప్పకుండానే కమిటీ ఇంటర్వ్యూ చేసింది. అధ్యక్షులు రామకోటేశ్వరరావు గారు, నీటిపారుదల శాఖలో రిటైరైన వారు. కోశాధికారి కనకలక్ష్మి గారు, చీరల షాపు యజమానురాలు. జాయింట్ సెక్రటరీని నేను. ఎన్నికై కాదు, చేతిరాత బాగుంటుందని పెట్టుకున్నారు. మీటింగుల్లో నేను మాట్లాడను, రాసుకుంటాను. అందువల్ల ఆ సంభాషణ ఉన్నదున్నట్టు మీకు ఇవ్వగలుగుతున్నాను.

"కూర్చో మిలట్రీ" అన్నారు అధ్యక్షులు.

ఆయన కూర్చోలేదు.

"సివిల్ ఎక్స్‌పీరియన్స్ ఎంత?"

"మూడేళ్లు సార్. ఇక్కడే."

"ఇక్కడ గేటు దగ్గర కదా."

"గేటు దగ్గర ఉంటూనే జనరేటరు చూశాను సార్. లిఫ్టు ప్యానెల్ రెండుసార్లు..."

"అవన్నీ నువ్వు అభిమానంతో చేసినవి మిలట్రీ. అభిమానాన్ని ఎక్స్‌పీరియన్స్ కింద రాసుకుంటే దాని విలువ పడిపోదూ?"

ఎంత ఉదాత్తమైన మాట! నేను రాసుకున్నాను.

"మరి సైన్యంలో ఇరవై రెండేళ్లు చేశారు కదండీ, అది లెక్కలోకి రాదా?" అన్నారు కనకలక్ష్మి గారు.

"అది మిలట్రీ ఎక్స్‌పీరియన్స్ అమ్మా. యుద్ధం వస్తే పనికొస్తది. మన దగ్గర యుద్ధం లేదుగా."

మా పార్కింగు సంగతి ఆయన మరిచిపోయారేమో గాని నేను గుర్తు చేయలేదు.

తర్వాత వచ్చింది పింఛను. ఇదే మన తీసివేత సిద్ధాంతం. దయచేసి జాగ్రత్తగా చదవండి. పోస్టు జీతం ముప్పై వేలు. మిలట్రీకి పింఛను దాదాపు పాతిక వేలు వస్తుంది. కాబట్టి ఆయనకు మనం ఇవ్వాల్సింది మిగిలిన అయిదు వేలు. ఇప్పటికే పధ్నాలుగు ఇస్తున్నాం. అంటే తొమ్మిది వేలు ఎక్కువే ఇస్తున్నాం! ఇంత దాతృత్వం మా కమిటీలో ఉందని ఆ రోజు దాకా మాకే తెలియదు.

"మీకూ పింఛను వస్తది కదండీ" అన్నారు కనకలక్ష్మి గారు. "కాంట్రాక్టరు గారి ఆఫీసులో సలహాదారుగా జీతమూ తీసుకుంటున్నారాయె. వాళ్లు కోసుకుంటున్నారా?"

"నాది వేరమ్మా" అన్నారు అధ్యక్షులు. "నాది కష్టపడి సంపాదించిన పింఛను."

మిలట్రీ అప్పటికీ నిలబడే ఉన్నాడు. ముఖంలో ఏమీ కదల్లేదు. ముఖం కదలకుండా నిలబడటం కూడా ప్రభుత్వ ఖర్చుతో నేర్పిందే.

ఉద్యోగం అధ్యక్షుల వారి తోడల్లుడి కొడుకు సాయిగణేష్‌కు వచ్చింది. కుర్రాడికి సివిల్ ఎక్స్‌పీరియన్స్ పుష్కలం. ఒక షాపింగ్ మాల్లో రెండేళ్లు వాకీటాకీ పట్టుకుని తిరిగాడు. చేరిన మొదటి రోజే గేటు దగ్గరకు వచ్చి, "మిలట్రీ గారూ, జనరేటరు గదికి తాళం ఎక్కడుంటదండీ?" అని అడిగాడు. రెండో రోజు, "గదిలో జనరేటరు ఏదండీ?" అని అడిగాడు. వినయం గల కుర్రాడు. ముప్పై వేలు ఊరికే ఇవ్వరు.

నిజానికి ఆ కుర్రాడి వల్లే కథ మలుపు తిరిగింది. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో కాంట్రాక్టు పనులు చూసే ఒక కంపెనీకి జనరేటరు టెక్నీషియన్ కావాలని సాయిగణేష్ తన ఫోన్లో చూసి మిలట్రీకి చూపించాడు. జీతం ముప్పై నాలుగు వేలు. మిలట్రీ వెళ్లాడు. అక్కడి ఇంజనీరు ఆయన చేత ఒక ఇంజను విప్పించి, మళ్లీ బిగింపజేసి, చూసి, "పై సోమవారం చేరండి" అన్నాడట. ఒక్కటే షరతు. ఇప్పుడు పనిచేస్తున్న చోటు నుంచి సివిల్ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ తేవాలి.

మిలట్రీ ఒక అట్ట ఫైలు పట్టుకుని మా ఫ్లాట్ తలుపు తట్టాడు. అందులో సైన్యం వాళ్లిచ్చిన డిశ్చార్జి బుక్కు ఉంది. తీసి నా చేతిలో పెట్టాడు. మొదటి పేజీలో ఫొటో, ఫొటో పక్కన వివరాలు. నేను చదివాను.

"గేటు పని తక్కువని కాదు సార్" అన్నాడు. "చేతులు మరిచిపోతాయేమోనని."

మూడేళ్లలో ఆయన తన గురించి నాతో మాట్లాడింది అదే మొదటిసారి. నేను ఏదో అనబోయాను. అనకుండానే బుక్కు మూసి తిరిగి ఇచ్చాను. నా సంగతి మామూలే.

అధ్యక్షుల దగ్గరకు వెళ్లాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి చెప్పారు. "రాసుకో. మా అపార్టుమెంటులో వాచ్‌మన్‌గా పనిచేస్తున్నారు. గేటు తీయుట, మూయుట. ప్రవర్తన తృప్తికరం. అంతే."

రాశాను. అందమైన అక్షరాలతో, మార్జిన్ వదిలి, ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. మిలట్రీ దాన్ని రెండు చేతులతో అందుకుని, "థాంక్యూ సార్" అని, ఫైల్లో పెట్టుకుని వెళ్లాడు. మర్నాడు కంపెనీ దాన్ని వెనక్కి పంపింది. గేటు అనుభవం మా పనికి చెల్లదని, శనివారం లోపల సరైనది తేకపోతే ఆ ఖాళీ మరొకరికి ఇస్తామని చెప్పింది.

పాఠకులారా, ఈ వరం గురించి ఇంతసేపు ఎంత ధాటిగా వాదించాను! వాదిస్తున్నవాడి చేతిరాత ఎలాంటిదో ఇప్పుడు మీకు తెలిసింది. తీసివేత సిద్ధాంతాన్ని కనిపెట్టింది అధ్యక్షులే కావచ్చు. సాపు రాసింది నేను.

బుధవారం ఇంకొక కాగితం రాశాను. రెండేళ్లుగా జనరేటరు, లిఫ్టు ప్యానెల్, నీటి మోటారు ఒంటి చేత్తో నిర్వహించారని రాశాను. తేదీలు వేశాను. అసోసియేషన్ సీలు నా సొరుగులోనే ఉంటుంది. గుద్దాను. కింద నేనే సంతకం పెట్టి, గేటు దగ్గర మిలట్రీ చేతిలో పెట్టాను. ఎవరితోనూ చెప్పలేదు. చెప్పాలంటే మాట్లాడాలి కదా.

శనివారం మధ్యాహ్నం కమిటీ కూర్చున్న సమయంలో టేబుల్ మీద అసోసియేషన్ ఫోను మోగింది. అధ్యక్షులు స్పీకర్ పెట్టారు.

"నమస్తే అండి. ఇబ్రహీంపట్నం నుంచి హేమ మాట్లాడుతున్నానండి, హెచ్ఆర్. మీ దగ్గర నుంచి ఒకే మనిషికి రెండు సర్టిఫికెట్లు వచ్చాయండి. ఒకదాంట్లో వాచ్‌మన్ అని ఉంది, ఇంకోదాంట్లో జనరేటర్ల నిర్వహణ అని ఉంది. రెండిట్లో ఏది నిజమండీ?"

అధ్యక్షులు నా వైపు చూశారు. నేను బల్ల వైపు చూశాను.

"రెండోది... అంటే అదీ..." అన్నారు ఆయన.

"ఏమీ అనుకోకండి సార్, ఈమధ్య దొంగ సర్టిఫికెట్లు ఎక్కువైనయ్. మీ దగ్గర నిజంగా పనిచేసిన మనిషేనా అని చూసుకోవాలి. నా ముందు కాగితం ఉంది. ఆయన పేరు చెప్పండి, చాలు."

"మిలట్రీ అంటామమ్మా మేము."

"పేరు సార్."

అధ్యక్షులు కనకలక్ష్మి గారి వైపు చూశారు. ఆవిడ గార్డుల హాజరు పుస్తకం గబగబా తిప్పారు. ఏజెన్సీ వాళ్లు దాంట్లో 'గార్డు నంబర్ రెండు' అని రాసుకున్నారు. ఆవిడ పుస్తకం మూసి తల అడ్డంగా ఊపారు. సూపర్‌వైజరు హోదాలో మీటింగులో కూర్చున్న సాయిగణేష్ కూడా అంతే చేశాడు.

"సార్, లైన్లో ఉన్నారా?" అంది హేమ. "చెప్పలేకపోతే దీన్ని పక్కన పెట్టేస్తానండి. ఇంకొకాయన బయట కూర్చున్నారు."

అధ్యక్షులు ఫోను మీద అరచెయ్యి మూసి మా వైపు వంగారు.

"తెలీదని చెప్పేద్దాం" అన్నారు, చాలా మెల్లగా. "మే నెల వస్తోంది."

అదండీ సంగతి. ఇంతసేపూ నేను మీకు విప్పి చెప్పిన సిద్ధాంతం, వరం, దేశభక్తి, ఆర్థిక వ్యవస్థ, అన్నీ కలిపి చెబితే ఆ మూడు మాటలే. మే నెల వస్తోంది. కరెంటు పోతుంది. మన గదిలో ఫ్యాను తిరగాలి. అందుకని ఒక మనిషి చేతులు గేటుకు కట్టేసి ఉండాలి. దాన్ని మనం గౌరవం అంటున్నాం.

కిటికీలోంచి గేటు కనబడుతోంది. ఆయన ఒక కారుకు గేటు తీస్తున్నాడు. లోపలున్నాయన తల తిప్పలేదు. కారు వెళ్లాక ఆయన గేటు మూసి, గొళ్లెం పెట్టి, సరిగా పడిందో లేదో ఒకసారి లాగి చూశాడు.

నేను లేచాను. కుర్చీ కిర్రుమంది. మూడేళ్ల మీటింగుల్లో నేను నోరు తెరిచింది లేదు గనక, కనకలక్ష్మి గారు నాకేదో ఒంట్లో బాగా లేదనుకుని మంచినీళ్ల సీసా ముందుకు జరిపారు. నేను అధ్యక్షుల చెయ్యి పట్టుకుని ఫోను మీద నుంచి పక్కకు తీశాను.   

"రెండో కాగితమే నిజమండీ. రాసింది నేను. మొదటిదీ నేనే రాశాను, అది అబద్ధం" అన్నాను. "ఆయన పేరు నడకుదుటి ఎల్లారావు."